పులిని పేరు పెట్టి పిలవరు

జైల్లో పనిచేశానంటే జనం మొట్టమొదట ఉరి గురించి అడుగుతారు. తర్వాత గోడ దూకి పారిపోయినవాళ్ళ గురించి అడుగుతారు. నేను ఉరి చూడలేదు. గోడ దూకినవాళ్ళనీ చూడలేదు. నాది వెల్ఫేర్ ఆఫీసరు పని. ఖైదీల చదువు, చేతిపని, ఇంటివాళ్ళ ములాఖాత్, చివర్లో విడుదలకి సిఫారసు, ఇవన్నీ నా నెత్తిన ఉండేవి. గంజాం జిల్లాలో ఒక జైలు అది. ఏ జైలో చెప్పను, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళకి తలనొప్పి ఎందుకు?

ఈ మధ్య అదే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు బరంపురంలో మా ఇంటికి వచ్చారు. "సార్, ఖైదీల చేత బొమ్మలు వేయిస్తే మారతారా?" అని అడిగారు. కాఫీ తాగినంతసేపూ మంచి మాటలేవో చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళిన తర్వాత ఆ చెప్పిందంతా పత్రికలవాళ్ళకి చెప్పే మాటల్లా అనిపించింది. అలసిపోయినవాడు తేలిగ్గా అబద్ధాలాడతాడు. అందుకని ఈసారి నిదానంగా రాస్తున్నాను.

పావురాలు

నేను చేరిన కొత్తలో మా సూపరింటెండెంటుగారికి చిత్రకళ మీద మోజు. పాత గోదాం ఒకటి సున్నం కొట్టించి, చిత్రశాల అని బోర్డు పెట్టించాడు. పంద్రాగస్టుకీ గాంధీ జయంతికీ పెద్దవాళ్ళు వచ్చేవారు. వాళ్ళకి చూపించడానికి గోడ నిండా బొమ్మలు కావాలి. ఏం బొమ్మలు? తెగిన సంకెళ్ళు, ఊచల వెనక ఉదయించే సూర్యుడు, ఎగిరిపోతున్న పావురం. మరొకటి వేస్తే ఆయన ముఖం మాడ్చుకునేవాడు.

ఖైదీలు తెలివితక్కువవాళ్ళు కారు. ఏ బొమ్మ వేస్తే రెమిషన్ వస్తుందో, అంటే మంచి నడవడికని శిక్షలో కొన్ని రోజులు తగ్గుతాయో, వాళ్ళకి బాగా తెలుసు. మా దగ్గర ఒక సైకిళ్ళ దొంగ ఉండేవాడు. పావురాలు వేయడంలో వాడికి సాటి లేరు, పావురం కంట్లో నీళ్ళు కూడా పెట్టేవాడు. ఆ నీళ్ళు చూసి ఒక మంత్రిగారి భార్య కళ్ళు తుడుచుకుంది. వాడు విడుదలై, ఏడాది తిరక్కుండా మళ్ళీ దొరికాడు. గేటు లోపల అడుగు పెట్టగానే నన్ను అడిగిన మొదటి మాట, "సార్, నా కుంచెలు ఎవలికీ ఇచ్చీనేదు కదా?"

బొమ్మలు దండగ అని నేననడం లేదు. జైల్లో మనిషిని తినేది పొద్దు. కుంచె పట్టుకున్న కాసేపైనా ఆ పొద్దు కదులుతుంది, పక్కవాడితో తగువు తగ్గుతుంది. అది చాలా మేలు. కానీ పావురం వేసినవాడి మనసు పావురమైపోయిందని రాసి సంతకం పెట్టే ముందు కొంచెం ఆగండి.

కాగితానికి ఊపిరి లేదు

అప్పన్న వచ్చేనాటికి నాకు ఉద్యోగం బాగా పాతబడింది. అతనిది బరంపురంలో గోసాని నువాగాం. నేనూ అక్కడే పుట్టాను, మా నాన్నది పప్పుల హోల్‌సేల్ దుకాణం. అప్పన్న వాళ్ళది పులి వేషాలు రాసే ఇల్లు. ఏడాది విడిచి ఏడాది ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చినప్పుడు, మొక్కుకున్న మగవాళ్ళు ఒళ్ళంతా పసుపు పూయించుకుని, నల్ల చారలు రాయించుకుని, తోక కట్టుకుని డప్పుల ముందు ఆడతారు. పులి గుమ్మం ముందుకొస్తే ఆడవాళ్ళు కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోసి దండం పెడతారు.

మా వీధుల్లో ఒక ఆచారం ఉంది. పులులు కట్టే బృందాలని అఖాడాలంటారు, అన్ని అఖాడాల్లోనూ ఉందో లేదో నాకు తెలియదు. ఒళ్ళంతా రాయడం అయ్యాక, ముఖం రాయబోయే ముందు రాసేవాడు పేరు అడుగుతాడు. కూర్చున్నవాడు చెబుతాడు. ఆ తర్వాతే ముఖం మీద కుంచె పెడతాడు. ఇక రంగు కడిగేదాకా వాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవరు. పిలిచినా వాడు పలకడు. ఆ పూటకి వాడు అమ్మవారి పులి, మనిషి కాదు.

ఒక యాత్ర ఆఖరి రోజున అప్పన్న బాగా తాగాడు. జోగి అని అతని చిన్ననాటి స్నేహితుడు. ఆ ఉదయం జోగికి పులి వేషం రాసింది అప్పన్నే. సారా దుకాణం దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఎందుకన్నది సాక్షులు తలా ఒకటి చెప్పారు, అప్పన్నకి అసలు గుర్తే లేదు. చేతికందిన గెడకర్రతో తల మీద కొట్టాడు. జోగి ఒంటి మీద రంగుతోనే చచ్చిపోయాడు. అప్పన్నకి యావజ్జీవం పడింది.

అతనికి కుంచె వచ్చని కాగితాల్లో చూసి చిత్రశాలకి పిలిపించాను.

"కాయితం మీద నాకు రాదు బాబూ," అన్నాడు.

"ఎందుకు రాదు? రాసే చెయ్యి అదే కదా?"

"కాయితానికి ఊపిరి నేదండి. పొట్ట మీద నల్ల సార ఏత్తే అది లోనకెల్తాది, పైకొత్తాది. దాని ఎనకాల సెయ్యి ఎల్లాల. కాయితం సచ్చినట్టు పడుంటాది. నానేటి సెయ్యను?"

"పోనీ ఇక్కడున్నవాళ్ళ చేతి మీద ఏదైనా చిన్నది రాసి చూపించు."

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఒద్దు బాబూ. ఈ సెయ్యి ఆకర్న ముట్టుకున్న ఒల్లు జోగిది."

ఒంటి మీద రాయమని మళ్ళీ అడగలేదు. కానీ గోడ నింపాలి కదా. పావురాలు వెయ్యమంటే మారు మాట్లాడకుండా వేశాడు. ఎండిపోయిన పావురాలు. ఒకసారి ఒక పావురం పొట్ట మీద సన్నగా రెండు చారలు కనిపించాయి. నేను చూశానని గమనించి, వెంటనే తెల్ల రంగు పూసేశాడు. ఏళ్ళ తరబడి అలాగే వేస్తూ పోయాడు. కాగితాల్లో మాత్రం అతను చాలా బాగుపడుతున్నాడని ఉండేది. ఆ మాట రాసింది నేనే, నమ్మింది మాత్రం పైవాళ్ళు.

కాలియా మొక్కు

మా జైలు వంటసాలలో కాలియా అని ఒక ఒడియా ఖైదీ ఉండేవాడు. చిన్నప్పుడు పచ్చకామెర్లు వస్తే, బతికితే పులి కట్టిస్తానని వాళ్ళమ్మ మొక్కుకుంది. మొక్కు తీరకుండానే వాడు ఒక దొమ్మీ కేసులో లోపలికొచ్చాడు. యాత్ర దగ్గర పడుతుండగా ఆ ముసలామె ములాఖాత్‌కి వచ్చి, మొక్కు బాకీతోనే పోతానని ఊచలు పట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం కాలియా అప్పన్న దగ్గరికెళ్ళి తనకి పులి రాయమన్నాడు. అప్పన్న కాదన్నాడు. కాలియా నా దగ్గరికొచ్చాడు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను.

"అరే భాయి, ఒల్లు నాది," అన్నాడు కాలియా. "భయపడాలంటే నాను భయపడాల. నాకే భయం నేకపోతే నీకేటి?"

అప్పన్న వాడి భుజాలూ పొట్టా తేరిపార చూశాడు. చివరికి, "పసుపు కావాల," అన్నాడు.

అప్పటికి మా పాత సూపరింటెండెంటుగారు బదిలీ అయిపోయారు. కొత్తాయన పశ్చిమ ఒడిశా నుంచి వచ్చాడు. యాత్ర అంటే ఏమిటో ఆయనకి తెలియదు. చిన్న కార్యక్రమం అని చెబితే, సాయంత్రం గింతీకి ముందే ముగించమని ఒప్పుకున్నాడు. గింతీ అంటే తలల లెక్క. రోజూ బారకులకి తాళం పడే ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు, వాళ్ళు హాజిర్ అని పలకాలి.

వంటసాల పసుపు, డేక్చీల అడుగున గీకిన మసి, సున్నం, తుమ్మ జిగురు. మంగలి కత్తిరించిన వెంట్రుకలు వెదురు పుల్లకి కట్టి అప్పన్న కుంచెలు చేశాడు. కాలియా చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాడు. అప్పన్న ఎడమ అరచెయ్యి వాడి గుండెల మీద ఆనించాడు.

"ఊపిరి బిగబట్టకు," అన్నాడు అప్పన్న. "బిగబట్టినప్పుడేసిన సార ఆడేటప్పుడు ఇరిగిపోతాది. మామూలుగా తియ్యి."

మొదటి చార వేశాడు. రెండోది వేశాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చారలు మాత్రం ఎక్కడా వంకర పోలేదు. కాలియా పొట్ట పీల్చి వదిలినప్పుడల్లా వాటికి ప్రాణం వచ్చింది. నా సర్వీసంతటిలో మా బోర్డుల మీద రాసుకునే పెద్ద పెద్ద మాటలు నిజమనిపించింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

అది చూసి వంటసాలవాళ్ళు మరో ఇద్దరు మాకూ అన్నారు. మా ఇంటికి యాత్ర చుట్టాలు రావడంతో, మూడో పులి ముఖం సగంలో ఉండగా నేను బయల్దేరాను. వీధి మలుపు తిరిగానో లేదో జైలు లోపల పగలీ ఘంటీ మోగింది. ఖైదీ పారిపోతే మోగించే గంట అది. వెనక్కి పరుగెత్తాను.

లోపల తుపాకులు పట్టుకుని వార్డర్లు గోడల వెంట ఉరుకుతున్నారు. వంటసాల అరుగు మీద మూడు పులులూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. గింతీ తీసిన హెడ్ వార్డరు బెహరా బాబుని పక్కకి లాగాను. ఆయన పక్కా గంజాం మనిషి.

"ముగ్గురు తక్కువని చెప్పావుటేమయ్యా? నీ ఎదురుగానే ఉన్నారు కదా!"

"ఉన్నారు బాబూ."

"మరి పలకలేదా?"

"పిలిత్తే కదా పలకడానికి," అన్నాడు గొంతు తగ్గించి. "పులిని పేరెట్టి నానెలా పిలుత్తానండి? పిల్లలున్నోణ్ణి. ముగ్గురి పేర్లకి హాజిర్ రానేదు సార్ అని ఉన్నదున్నట్టు సెప్పినాను. సాహెబు మిగతా మాట ఇనకుండా గంట కొట్టించీసినారు."

నాకు నవ్వు ఆగలేదు. కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సూపరింటెండెంటు ముఖం ఎర్రగా కందిపోయింది. ముగ్గుర్నీ బావి దగ్గరికి తీసుకెళ్ళి కొబ్బరి పీచుతో రుద్దించాడు. చారలు పోయాయి గానీ పసుపు పోలేదు. చాలా రోజులు ఆ ముగ్గురూ గింతీ వరసలో పచ్చగా మెరుస్తూ నిలబడ్డారు. బెహరా బాబుకి మెమో వచ్చింది. అప్పన్న రెమిషన్ కోసేశారు. ఆనవాలు దొరక్కుండా ఖైదీల వేషం మార్చాడని అతని ఫైల్లో ఎక్కింది. ఆచారం గురించి నేను ఎంత మొత్తుకున్నా, "ఆచారాలకి తాళాలు వేయడానికే మనకి జీతం ఇస్తున్నారు," అన్నాడు ఆయన. చెడ్డవాడు కాదు, భయస్తుడు. మీకు ఎక్కువమంది అలాంటి అధికారులే దొరుకుతారు.

అప్పన్న మాత్రం ఆ తర్వాత మారాడు. తలెత్తి మాట్లాడేవాడు. "కాలియా ఒల్లు నన్ను ఒప్పుకున్నాది బాబూ," అనేవాడు, అది చాలన్నట్టు.

పావురాలే గట్టెక్కించాయి

ఏళ్ళు గడిచాక అతని పేరు ముందస్తు విడుదల బోర్డు ముందుకొచ్చింది. అందరి కళ్ళూ ఆ పులి గొడవ మీదే. నేను నాకు చేతనైనంత చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. చివర్లో ఒక పెద్దాయన, "ఇతను బొమ్మలు వేస్తాడట కదా, చూపించండి," అన్నాడు. పావురాల కట్ట విప్పాను. ఆయన ఒక్కొక్కటీ తిరగేసి, "చూడండి, మనసులో ఎంత శాంతి ఉందో," అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. అప్పన్నని నిజంగా నిలబెట్టిన పని అతనికి అడ్డొచ్చింది, అతను ప్రాణం పెట్టని పని బయటికి తెచ్చింది. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. పావురాలు వేయించండి, ఫైలుకి కావాలి. మీరు మాత్రం వాటిని చూసి మోసపోకండి. అప్పన్న సిఫారసు కింద నేను, ఈ మనిషిని సమాజం నమ్మవచ్చు అని రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం ఎన్ని ఫైళ్ళలో రాశానో లెక్క లేదు. చెయ్యి దానంతట అదే రాసేసేది.

బయట

కొంతకాలానికి నేనూ రిటైరయ్యాను. అప్పన్న గోపాలపూర్‌లో చెల్లెలి దగ్గర ఉంటూ చేపల పడవలకి రంగులేసేవాడు. యాత్ర మొదలైన రోజుల్లో ఒక ఉదయం మా అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు.

"అకాడావోళ్ళు రమ్మన్నారు బాబూ. రంగులు కలపమన్నారు, గిన్నె పట్టుకోమన్నారు. ఒల్లు మాత్రం ఎవలూ ఇవ్వనేదు. ఆల్లు మంచోల్లే. బయ్యం."

"పడవలు రాస్తున్నావు కదా?"

"పడవదేటుంది, అదీ కాయితం లాంటిదే. ఈ యాత్రకి కూడా ఎవలూ కూకోకపోతే ఇంక కుంచె ముట్టను. సముద్దరంలో ఇసిరీసి, వల లాగుకుంటాను."

బెదిరింపులా అనలేదు. విసిగిపోయినవాడు లెక్క తేల్చుకున్నట్టు అన్నాడు. అతను వెళ్ళాక తెలిసినవాళ్ళందర్నీ అడిగాను. ఒకడికి ఒంట్లో బాగాలేదు, ఒకడికి ఆఫీసు. మా బావమరిది, "పావురం బొమ్మయితే కొంటాను బావా," అన్నాడు.

వంటింట్లో వంకాయలు తరుగుతున్న మా ఆవిడ సరోజ ఇదంతా వింటోంది.

"ఊరందర్నీ అడిగీసినారు కదా. ఆడు నమ్మదగ్గోడని సంతకం ఎట్టినదెవలు?"

"నేనే."

"మరి మీకేటి రోగం?"

"ఈ వయసులోనా? ఈ పొట్టతోనా?"

"పొట్ట పెద్దదయితే సారలు ఎక్కువ పడతాయి. ఆడికీ సంబరమే," అంది, వంకాయ మీంచి కళ్ళెత్తకుండా.

అఖాడా వెనక గదిలో చొక్కా విప్పి కూర్చున్నాను. అప్పన్న మొదట ఒప్పుకోలేదు. నేను కదలకపోయేసరికి గిన్నెలు దగ్గరికి జరుపుకున్నాడు. ఆయిల్ పెయింట్ ఈ ముసలి ఒంటికి పడదని, జైల్లో కలిపినట్టే పసుపూ మసీ జిగురూ కలిపాడు. ఎడమ అరచెయ్యి నా గుండెల మీద ఆనింది. దాచడం ఎందుకు, నాకు భయమేసింది. జోగి గుండెల మీద ఆనింది కూడా ఈ చెయ్యే కదా అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ చేతిని నమ్మమని ఊరికి రాసిచ్చాను గానీ, అదెలా ఉంటుందో నాకే తెలియదు.

"ఊపిరి బిగబట్టకండి బాబూ," అన్నాడు. "మామూలుగా తియ్యండి."

చాలాసేపటికి గానీ నా ఊపిరి మామూలు కాలేదు. అతను అంతసేపూ కుంచె గాల్లో పట్టుకుని ఆగాడు. మధ్యాహ్నానికి ఒళ్ళంతా అయింది. ముఖం దగ్గరికొచ్చాడు.

"పేరు సెప్పండి."

ఇన్నేళ్ళ పరిచయంలో అతనికి నేను వెల్ఫేర్ బాబునే. "సూర్యనారాయణ," అన్నాను. అతను ఒకసారి ఆ పేరు లోపలే అనుకుని, నా నుదుటి మీద కుంచె పెట్టాడు.

నాకు ఆడడం రాదు. డప్పుల వెనక నడిచానంతే. పిల్లలు నా పొట్ట చూసి కేకలేశారు. జనంలో బెహరా బాబు కనిపించాడు. ఆయనా రిటైరయ్యాడు. నన్ను పోల్చుకుని నోరు తెరిచాడు, వెంటనే మూసుకుని రెండు చేతులూ జోడించాడు.

తర్వాత డప్పులు జోగి వాళ్ళ సందులోకి తిరిగాయి. జోగి తల్లి నూకాలమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉంటుంది. నా వెనకే వస్తున్న అప్పన్న సందు మొదట్లోనే ఆగిపోయాడు. రంగు గిన్నె పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. మేం ఆమె గుమ్మం ముందుకి వచ్చేసరికి డప్పులవాళ్ళు వాయించడం ఆపేశారు. తలుపు సగం తెరుచుకుంది.

నూకాలమ్మ బయటికొచ్చి, కళ్ళు చికిలించి నా పొట్ట మీది చారలు చూసింది. దగ్గరికొచ్చి మళ్ళీ చూసింది. ఆ చారలు ఆమెకి తెలుసు, కొడుకుని వాటితోనే సాగనంపింది.

"ఎవలు రాసినారు?" అంది.

ఎవరూ పలకలేదు. పులిని గనక నేనూ పలకలేదు. ఆమె లోపలికెళ్ళిపోయింది. ఇక తలుపు పడుతుందని అనుకున్నాను. చెంబుతో తిరిగొచ్చింది. వంగి నా పాదాల మీద పసుపు నీళ్ళు పోసింది. తర్వాత లేచి నిలబడి, నా వైపు కాకుండా సందు మొదటి వైపు చూస్తూ, అక్కడిదాకా వినపడేలా అంది.

"పులికి పోసినాను. ఆడికి కాదు."

తలుపు వేసుకుంది.

నేను సందు బయటికి నడిచాను. అప్పన్న గోడకి జారబడి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆ మాట అతనికి వినపడిందని ముఖం చూస్తేనే తెలిసింది. కాసేపు నా పాదాల వంక చూశాడు. నీళ్ళకి అక్కడ చారలు చెరిగిపోయాయి. గిన్నె దగ్గరికి లాక్కుని, నా పాదం ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ దిద్దడం మొదలుపెట్టాడు.